మధ్యాహ్నం పేపరు: రెండు సెషన్ల ప్రవేశ పరీక్షపై ఒక కేస్ స్టడీ

"మా పిల్లోడు మధ్యాన్నం పేపరు రాసినాడు మేడం. 44 మార్కులు వచ్చినాయి. పొద్దున రాసిన పిల్లకి 43 వస్తే ఇంటర్వ్యూకి పిలిచినారు, మా వాన్ని పిలవలేదు. ఇది ఎట్ల?"

ప్రొద్దుటూరు నుంచి రాత్రి బస్సెక్కి వచ్చిన ఒక తల్లి, బెంగళూరులోని ఒక ప్రైవేటు విద్యాసంస్థ అడ్మిషన్ల కౌంటర్ దగ్గర నిలబడి అడిగిన మాట ఇది. ఆవిడ చేతిలో రెండు కాగితాలున్నాయి. ఒకటి కొడుకు స్కోర్ కార్డు, రెండోది ఆ 43 మార్కుల అమ్మాయి స్కోర్ కార్డు జిరాక్సు. పిల్లలిద్దరూ ఒకే కాలేజీలో ఇంటర్ చదివారట. కౌంటర్‌లో అబ్బాయి "పర్సెంటైల్ అమ్మా, మార్కులు చూడకూడదు" అని మూడోసారి చెబుతున్నాడు. అతను చెప్పేది తప్పు కాదు, కానీ ఆవిడ అడిగినదానికి అది జవాబూ కాదు.

ప్రవేశ పరీక్షల మార్కుల లెక్కలు చూడడం నా వృత్తి. ఒకే పరీక్షకు రెండు మూడు ప్రశ్నపత్రాలు ఉన్నప్పుడు ఏ పేపరు వచ్చిన పిల్లలైనా నష్టపోకుండా మార్కులు సరిచూసే పని. ఆ రోజు నేను అక్కడికి వెళ్లింది ఇదే వ్యవహారం మీద. మధ్యాహ్నం పేపరు కష్టంగా వచ్చిందని యాభైకి పైగా మెయిళ్లు రావడంతో పరీక్షల కంట్రోలర్ నన్ను పిలిపించారు. సంస్థ ఏదో తెలియకుండా కొన్ని వివరాలు మార్చి రాస్తున్నాను. లెక్క నడిచిన తీరు మాత్రం మార్చలేదు.

లోపలికి వెళ్లే ముందు ఆవిడను ఒక్కటే అడిగాను. "మీ వాడు మధ్యాహ్నం సెషన్ ఎందుకు తీసుకున్నాడమ్మా?"

"రాత్రి బస్సెక్కితే తెల్లారి దిగుతాం కదా మేడం. మొగం కడుక్కోను, ఏదన్న తినను టైం ఉండల్ల కదా. ఆ పిల్లకైతే ఈడ మేనమామ ఇల్లుంది, ముందురోజే వచ్చి పడుకునింది. పొద్దున తీసుకునింది."

తర్వాత మూడు వారాలు నేను చేసిన లెక్కలన్నీ ఈ జవాబు చుట్టూనే తిరిగాయి.

పరీక్ష ఎలా జరిగింది

60 బిట్లు, బిట్‌కు ఒక మార్కు, నెగెటివ్ మార్కులు లేవు. కంప్యూటర్ మీద పరీక్ష. ల్యాబుల్లో ఉన్న కంప్యూటర్లు 650 లోపే కాబట్టి ఒకే రోజు రెండు సెషన్లు పెట్టారు. ఒక్కో సెషన్‌లో సుమారు 600 మంది. ఉదయం ఒక పేపరు, మధ్యాహ్నం ఇంకో పేపరు. దరఖాస్తు నింపేటప్పుడు ఏ సెషన్ కావాలో పిల్లలే టిక్కు పెట్టుకోవచ్చు. ఇది పిల్లల సౌకర్యం కోసం పెట్టిన ఏర్పాటు. పెట్టినవాళ్లకు ఏ దురుద్దేశమూ లేదు.

ఫలితాలకు జేఈఈ మెయిన్ పద్ధతి తీసుకున్నారు. 2019 నుంచి నేషనల్ టెస్టింగ్ ఏజెన్సీ ఆ పరీక్షకు వాడుతున్న లెక్క అందరికీ తెలిసిందే. ఒక సెషన్ రాసినవాళ్లలో నీతో సమానంగా గానీ నీకంటే తక్కువగా గానీ మార్కులు వచ్చినవాళ్లు ఎంతమందో లెక్కపెట్టి, మొత్తం రాసినవాళ్లతో భాగించి, 100తో గుణిస్తే వచ్చేది నీ పర్సెంటైల్. ఇద్దరికి ఒకే అంకె వచ్చే టై తగ్గడానికి దాన్ని ఏడు దశాంశాల దాకా చూస్తారు. ఇక్కడ 90 పర్సెంటైల్ దాటినవాళ్లకు ఇంటర్వ్యూ పిలుపు. ఉదయం ఆ గీత 43 మార్కుల దగ్గర పడింది, మధ్యాహ్నం 45 దగ్గర. ప్రొద్దుటూరు కుర్రాడికి 44. పర్సెంటైల్ 89 చిల్లర.

కంట్రోలర్ కన్నడిగుడు, తెలుగు చక్కగా మాట్లాడతారు. నేను కూర్చోగానే ఒక కాగితం నా ముందుకు జరిపారు. "ఉదయం సగటు 31, మధ్యాహ్నం సగటు 32. మధ్యాహ్నం పేపరే ఒక మార్కు తేలిక. పర్సెంటైల్ దాన్ని సరిచేసింది. ఇంకేం చూడాలి మేడం?"

పైకి చూస్తే ఆ వాదనలో లోపం కనపడదు. నేను చాలా ఆఫీసుల్లో ఇదే వాదన విన్నాను. లోపం ఆ లెక్క వెనకున్న ఒక నమ్మకంలో ఉంది. ఉదయం రాసినవాళ్లూ మధ్యాహ్నం రాసినవాళ్లూ గుంపులుగా చూస్తే ఒకే సత్తా ఉన్నవాళ్లని ఆ పద్ధతి ముందే ఒప్పుకుంటుంది. అలా ఒప్పుకుంటేనే "ఆ గుంపులో పైనున్న పది శాతం, ఈ గుంపులో పైనున్న పది శాతం సమానం" అనగలం. జేఈఈ మెయిన్‌లో అభ్యర్థి ఊరిని ఎంచుకుంటాడు గానీ తేదీనీ షిఫ్టునూ ఎంచుకోలేడు, అవి ఏజెన్సీ ఇస్తుంది. పైగా అక్కడ లక్షల్లో రాస్తారు. చీటీలు కలిపి రెండు కుప్పలు పోసినట్టు పంచితే గుంపులు దాదాపు ఒకేలా వస్తాయి.

600 మంది ఉన్నచోట, చీటీలేసి పంచినా తేడా వస్తుంది. ఈ లెక్క ఎవరైనా వేసి చూసుకోవచ్చు. 600 మందిలో పై పది శాతం సత్తా ఉన్నవాళ్లు సగటున 60 మంది పడాలి. అదృష్టం కొద్దీ ఆ సంఖ్య అటూ ఇటూ ఊగుతుంది. ఆ ఊగు కొలత 600ను 0.9తో, 0.1తో గుణించిన 54కు వర్గమూలం, అంటే ఏడుకు కాస్త పైన. ఒక సెషన్‌లో 53 మంది పడొచ్చు, ఇంకోదాంట్లో 67 మంది. పిలుపు మాత్రం రెండింటిలోనూ 60 మందికే. లక్ష మంది రాసే సెషన్‌లో ఇదే ఊగు పర్సెంటైల్‌లో పదో వంతు కూడా ఉండదు. 600 మంది దగ్గర ఒకటింబావు పర్సెంటైల్. పెద్ద పరీక్ష పద్ధతిని చిన్న పరీక్షకు తెచ్చుకునేటప్పుడు ఇది ఎవరూ చూడరు.

అదీ చీటీలేసి పంచితేనే. ఇక్కడ పంచనే లేదు, పిల్లలే ఎంచుకున్నారు. దరఖాస్తుల్లో పిన్‌కోడ్లు తీసి చూశాను. ఉదయం సెషన్‌లో ఎక్కువమంది బెంగళూరు వాళ్లే. మధ్యాహ్నం సెషన్‌లో మూడింట రెండు వంతులు బయటి ఊళ్లవాళ్లు. కడప, నంద్యాల, ఆదోని, మదనపల్లె, అటు బళ్లారి, రాయచూరు. రాత్రంతా బస్సులో కూర్చుని వచ్చి ఒక పరీక్ష రాసేవాడు సరదాకి రాయడు. ఊళ్లో ఉన్నాం కదా ఓసారి చూద్దాం అనుకునేవాళ్లు ఉదయం గుంపులో ఎక్కువ ఉండొచ్చు. మధ్యాహ్నం గుంపే బలమైన గుంపు అయ్యుంటే, ఆ సగటు ఒక మార్కు ఎక్కువ రావడానికి పేపరు తేలిక అవ్వాల్సిన పని లేదు. పేపరు కష్టమై కూడా సగటు ఎక్కువ రావచ్చు.

అనుమానం వేరు, రుజువు వేరు. గుంపు బలాన్ని పేపరు బరువు నుంచి విడదీయాలంటే రెండు గుంపులూ జవాబు రాసిన ఒకే ప్రశ్నలు కొన్ని కావాలి. వాటినే యాంకర్ ప్రశ్నలంటాం. యాంకర్లు పెట్టారా అని అడిగితే కంట్రోలర్ తల అడ్డంగా ఊపారు.

మాస్టారు చెప్పిన మాట

గణితం, రీజనింగ్ భాగాలు రెండు పేపర్లకూ ఒకరే సెట్ చేశారు. గుంటూరు ఆయన, రిటైర్డ్ ప్రొఫెసర్, మారతహళ్లిలో కూతురి దగ్గర ఉంటున్నారు. ఇంటికి వెళ్లి కలిశాను. కాఫీ ఇచ్చి, "రెండూ ఒకే తూకంలో ఉండేలా చూశానమ్మా, నలభై ఏళ్ల అనుభవం" అన్నారు. ఆ మాట నిజాయితీగానే అన్నారు. కానీ ఒక బిట్‌ను ఎంతమంది చేయగలరో చూపుతో చెప్పడం ఎంత అనుభవమున్నా కష్టమే. తెలిసినవాడికి తెలిసిన లెక్క తేలిగ్గానే కనిపిస్తుంది. ఏ పేపరు బరువైనా పిల్లలు రాశాకే తెలుస్తుంది.

లేచేముందు ఆయన కాస్త మొహమాటపడుతూ ఇంకో మాట చెప్పారు. "టైం చాల్లేదమ్మా. ఓ తొమ్మిది బిట్లు రెండింటిలోనూ అవే పెట్టేశాను. ఎవరికీ చెప్పలేదు."

ఆయన దాన్ని తప్పు ఒప్పుకున్నట్టు చెప్పారు. నాకు మాత్రం ఈ కేసంతటికీ ఆధారం అప్పుడే దొరికింది. మామూలుగా యాంకర్లు మొత్తం ప్రశ్నల్లో అయిదో వంతైనా ఉండాలన్నది మా పనిలో వాడుక లెక్క. 60కి కనీసం 12. తొమ్మిది తక్కువే. సున్నా కంటే చాలా నయం.

ఆ రాత్రి తొమ్మిది బిట్లకూ ఒక బొమ్మ గీశాను. అడ్డంగా ఉదయం గుంపులో సరిగ్గా చేసినవాళ్ల శాతం, నిలువుగా మధ్యాహ్నం గుంపులో శాతం. రెండు గుంపులూ సమానమైతే చుక్కలన్నీ కింది ఎడమ మూల నుంచి పై కుడి మూలకు పోయే మూలగీత మీద పడాలి. ఎనిమిది చుక్కలు మూలగీతకు కాస్త పైన, దానికి సమాంతరంగా బారుగా నిలబడ్డాయి. తొమ్మిదోది మాత్రం వాటికి దూరంగా, చాలా పైన ఉంది.

ఆ బిట్ ఇది: గడియారంలో 3 గంటల 40 నిమిషాలకు రెండు ముళ్ల మధ్య కోణమెంత? గంటల ముల్లు 110 డిగ్రీల దగ్గర, నిమిషాల ముల్లు 240 దగ్గర ఉంటాయి కాబట్టి జవాబు 130. ఉదయం గుంపులో సగం మంది చేశారు. మధ్యాహ్నం గుంపులో నూటికి 80 మంది.

గుంపు బలమైనదే అనుకున్నా మిగతా ఎనిమిదింటిలో అంత తేడా లేదు. కంప్యూటర్ పరీక్షలో ఒక మేలుంది, ఏ బిట్ మీద ఎవరు ఎన్ని సెకన్లు ఆగారో రికార్డవుతుంది. ఉదయం ఈ బిట్‌కు పిల్లలు నిమిషం, నిమిషంన్నర తీసుకున్నారు. మధ్యాహ్నం చాలామంది పదిహేను సెకన్లు దాటలేదు. ప్రశ్న పూర్తిగా చదవడానికే అంత పడుతుంది. ఉదయం పరీక్ష ఒంటిగంటకు అయింది, మధ్యాహ్నంది రెండున్నరకు మొదలైంది. మధ్యలో గంటన్నర పిల్లలంతా ఒకే క్యాంటీన్ దగ్గరున్నారు. గడియారం లెక్క నోట్లో పట్టేంత చిన్నది, జవాబు ఒక్క సంఖ్య. చెప్పుకోకుండా ఎలా ఉంటారు? మిగతా ఎనిమిదీ పొడుగు పొడుగు డేటా బిట్లు. వాటి మీద పట్టిన సమయం రెండు సెషన్లలోనూ ఒకేలా ఉంది.

ఆ ప్రొద్దుటూరు కుర్రాడి రికార్డు కూడా తీసి చూశాను. గడియారం బిట్ మీద రెండు నిమిషాలకు పైగా ఆగాడు, చివరికి తప్పు పెట్టాడు. అతనికి ఎవరూ చెప్పలేదు.

ఇక్కడ ఒక నిర్ణయం తీసుకోవాల్సి వచ్చింది. ఆ బిట్‌ను ఉంచితే లెక్క మధ్యాహ్నం పిల్లల వైపు బాగా మొగ్గుతుంది. తొమ్మిది బిట్లలో ఉదయం సగటు 4.7, మధ్యాహ్నం 5.4. తేడా 0.7, దాన్ని 60 మార్కుల మీదికి తెస్తే దాదాపు 4.7 మార్కులు. అసలు సగటు తేడా ఒక మార్కే కాబట్టి పేపరు మూడున్నరకు పైగా కష్టమని తేలుతుంది. బిట్ తీసేస్తే ఎనిమిదింట్లో ఉదయం 4.2, మధ్యాహ్నం 4.6. తేడా 0.4. 60 మీదికి తెస్తే 3 మార్కులు. బలమైన గుంపు కాబట్టి 3 మార్కులు ఎక్కువ రావాల్సింది, ఒకటే ఎక్కువ వచ్చింది. అంటే మధ్యాహ్నం పేపరు సుమారు 2 మార్కులు కష్టం. బయటికి పొక్కిన ప్రశ్న గుంపు బలాన్ని కొలవదు, కాబట్టి తీసేశాను. ఫిర్యాదు చేసినవాళ్లకు దక్కేది తగ్గుతుందని తెలిసే తీసేశాను. మార్కుల్లోంచి కూడా ఆ బిట్‌ను తీసి మళ్లీ వేసి చూస్తే రెండు మార్కుల తేడా అలాగే నిలబడింది.

ఇది బండ లెక్కే. పూర్తి పనిలో మార్కు మార్కుకూ విడివిడిగా సరిచూస్తాం, ఎందుకంటే పేపరు కష్టం పైవాళ్ల దగ్గర ఒకలా, కింద ఇంకోలా ఉండొచ్చు. అదీ చేశాను. కటాఫ్ దగ్గర కూడా రెండు మార్కుల దరిదాపుల్లోనే వచ్చింది. ఎనిమిది యాంకర్లలో ఒక్కొక్కటీ తీసేసి మళ్లీ మళ్లీ వేస్తే, తేడా ఒకటిన్నరకు కిందికి రాలేదు, మూడుకు పైకి పోలేదు.

ఇప్పుడు ఆ తల్లి చేతిలోని రెండు కాగితాలు పక్కపక్కన పెడితే, మధ్యాహ్నం 44 అంటే ఉదయం పేపరు మీద 46 దాకా. 43 వచ్చిన అమ్మాయికి పిలుపు రావడం న్యాయమే. 46కు సమానమైనవాడికి రాకపోవడం అన్యాయం. సౌకర్యం కోసం ఇచ్చిన టిక్కు గడి, దానికి పనికిరాని ఫార్ములా, రెండూ కలిసి దూరం నుంచి వచ్చిన పిల్లల మీద పడ్డాయి.

ఏం చేయగలిగాం, ఏం చేయలేకపోయాం

కమిటీలో ఒకరు వెంటనే అన్నారు, "అయితే వచ్చే ఏడాది నుంచి ఒకే షిఫ్టు పెట్టేద్దాం, సుప్రీంకోర్టే చెప్పింది కదా" అని. డాక్టర్ల పీజీ సీట్ల పరీక్ష నీట్ పీజీ 2024లో రెండు షిఫ్టుల్లో జరిగింది. 2025 మే 30న సుప్రీంకోర్టు ఆ ఏడాది పరీక్షను ఒకే షిఫ్టులో పెట్టమంది, రెండు ప్రశ్నపత్రాలు ఎప్పటికీ ఒకే బరువుతో ఉండవని చెప్పింది. ఆగస్టు 3న అలాగే జరిగింది. అంతకుముందు 2024 నవంబరులో ప్రయాగ్‌రాజ్‌లో అభ్యర్థులు నార్మలైజేషన్ (వేర్వేరు షిఫ్టుల మార్కులు సరిచూసే లెక్క) వద్దని రోడ్డెక్కితే, యూపీ పబ్లిక్ సర్వీస్ కమిషన్ తన ఉద్యోగాల తొలి వడపోత పరీక్ష పీసీఎస్ ప్రిలిమ్స్‌ను ఒకే రోజుకు మార్చింది. వీలైతే ఒకే పేపరు పెట్టడమే మంచిదని నేనూ అంటాను. కానీ 650 కంప్యూటర్లతో 1200 మందికి ఒకేసారి పెట్టలేం. బయట సెంటర్లు అద్దెకు తీసుకునే స్తోమత ఆ సంస్థకు అప్పటికి లేదు.

నేనిచ్చిన సలహా ఇది. ఎనిమిది యాంకర్ల మీద మొత్తం ర్యాంకులు తిరగరాయొద్దు. అంత బరువు మోసే ఆధారం కాదది. అలాగని తెలిసిన తప్పును వదిలేయొద్దు. తేడాను తక్కువలో తక్కువ ఒక మార్కు అని పట్టుకున్నా మధ్యాహ్నం 42, 43, 44 వచ్చినవాళ్లంతా ఉదయం గీతను దాటుతున్నారు. వాళ్లందర్నీ ఇంటర్వ్యూకు పిలవండి. ఇప్పటికే పిలిచినవాళ్లలో ఒక్కర్నీ తీయకండి. వాళ్లు 39 మంది తేలారు.

రెండు రోజులు వాదన నడిచింది. ఒకసారి ఇచ్చిన ఫలితం మారిస్తే పరువు పోతుందని ఒకరి భయం. ఇంటర్వ్యూలకు ఇంకో రోజు ప్యానెల్ దొరకదని ఇంకొకరు. కంట్రోలర్ మొదట్లో నా ముందుకు జరిపిన కాగితాన్నే మళ్లీ తీసి, వెనక వైపు తన చేత్తో ఆ లెక్క వేసుకుని చూశారు. మూడు నుంచి ఒకటి తీసేస్తే రెండు. "సగటు చూసి నేనే తప్పు చెప్పాను" అని కమిటీ ముందే అన్నారు. ఆ మాట తర్వాత వాదన సాగలేదు. 39 మందినీ పిలిచారు, సీట్లు మాత్రం పెంచలేదు. వాళ్లలో 11 మంది ఎంపికయ్యారు. ప్రొద్దుటూరు కుర్రాడు వెయిటింగ్ లిస్టులో ఆగిపోయి, అనంతపురంలో ఇంజినీరింగ్‌లో చేరాడు.

మరుసటి ఏడాది

మార్పుల్లో మొదటిది టిక్కు గడి తీసేయడం. సెషన్ కంప్యూటరే చీటీ వేసినట్టు ఇస్తుంది, హాల్ టికెట్ మీద వస్తుంది. రెండోది, ముందే ఎంచిన 15 యాంకర్ బిట్లు, ఎక్కువగా డేటా బిట్లూ పేరా చదివి చేసేవీ. నోటితో మోసుకెళ్లగలిగే చిన్న బిట్లు ఒక్కటీ పెట్టలేదు. మూడోది, మధ్యాహ్నం పిల్లలు లోపలికొచ్చి గేటు పడ్డాకే ఉదయం పిల్లలు బయటికి వెళ్లేలా వేళలు మార్చారు. దీనికోసం ఉదయం పిల్లల్ని పరీక్ష అయ్యాక ఇరవై నిమిషాలు హాల్లోనే కూర్చోబెట్టాల్సి వచ్చింది. ముందే చెప్పి, మంచినీళ్లూ బిస్కెట్లూ ఇచ్చాం. మార్కులు లెక్కపెట్టని ఐదేసి కొత్త బిట్లు కూడా ఒక్కొక్కరికి వేశాం, వచ్చే ఏళ్ల పేపర్లకు వాటి బరువు ముందే తెలియడానికి.

బిట్ల వరుస గురించి కూడా ఒక మాట. ఓఎంఆర్ రోజుల నుంచి మనకు ఎ, బి, సి, డి సెట్లు అలవాటే. అవే ప్రశ్నలు, వరుస మారుతుంది, కాబట్టి తేడా ఉండదనుకుంటాం. కంప్యూటర్ ఒక్కొక్కరికి వరుస తిప్పి ఇచ్చిన రికార్డు చూస్తే, ఒకే బిట్ మొదట్లో వచ్చినవాళ్లకంటే ఆఖరి పదిలో వచ్చినవాళ్లు ఎక్కువగా ఖాళీ వదిలేశారు. టైం అయిపోతోందన్న టెన్షన్ అది. కష్టమైన బిట్లు మొదట్లోనే తగిలినవాడు అక్కడే ఇరుక్కుపోయి చివర తేలికవి వదిలేస్తాడు. అందుకని మొత్తం 60నీ కలిపి తిప్పకుండా, తేలిక, మధ్యస్థం, కష్టం అని చిన్న చిన్న కట్టలు చేసి కట్ట లోపల మాత్రమే తిప్పాం.

కన్నడ, తెలుగు అనువాదాలు కూడా పెడదామని ఒక ప్రతిపాదన వచ్చింది. మనసుకు నచ్చిన ప్రతిపాదనే, కానీ అనువాదం కూడా ఇంకో వెర్షనే అని గట్టిగా చెప్పాను. 2018 నీట్ తమిళ పేపర్లో 49 ప్రశ్నల్లో అనువాద తప్పులున్నాయని కేసు పడింది. మద్రాసు హైకోర్టు మదురై బెంచి ప్రశ్నకు నాలుగు చొప్పున 196 మార్కులు కలపమంది, ఆ ఏడాది నవంబరులో సుప్రీంకోర్టు ఆ తీర్పును కొట్టేసింది. ఏ మార్కులు న్యాయమో పరీక్ష అయిపోయాక తేల్చడం ఎవరికైనా కష్టం. తప్పులున్న పేపరు రాసిన పిల్లల సమయం ఎలాగూ వెనక్కి రాదు. అనువాదం పెడితే ఆ భాషలో చదివిన టీచర్లు ముందే కూర్చుని రాసి చూడాలి, ఒక్క రోజు తర్జుమాతో అయ్యే పని కాదు. అది ఇంకా జరుగుతోంది.

పరీక్ష జరిగింది. ఈసారి ఉదయం, మధ్యాహ్నం సగటులో రెండు మార్కుల తేడా వచ్చింది. యాంకర్ బిట్లలో రెండు గుంపులూ దాదాపు సమానం. అంటే ఈసారి తేడా పేపరుదే, ఉదయం పేపరు తేలిక. సరిచేయడం పెద్ద పని కాలేదు. చెప్పడం పెద్ద పనైంది. "మా అమ్మాయికి 40 వస్తే 38 అంటారేంటి, మార్కులు కోసేస్తారా?" అని ఒక తండ్రి ఫోన్‌లో చాలాసేపు అరిచారు. ఆయన బాధ నాకు అర్థమైంది. 2018 జూన్‌లో అమెరికాలో కాలేజీ ప్రవేశానికి శాట్ పరీక్ష రాసిన పిల్లలూ ఇలాగే గోల పెట్టారు. ఆ రోజు పేపరు తేలికవడంతో, ఒక్కో తప్పుకూ ఎక్కువ స్కోరు పోయింది. లెక్క సరైనదే అయినా పిల్లల చేతికి వెళ్లేసరికి అది శిక్షలా కనిపించింది. అందుకే మేం సరిచేసిన అంకెను మార్కులు అని పిలవడం మానేసి, 100 నుంచి 200 దాకా ఉండే వేరే స్కోరుగా ఇచ్చాం. సరిచేయని పచ్చి మార్కులు పక్కనే చూపించాం. ఎలా వచ్చిందో తెలుగు, కన్నడ, ఇంగ్లిషుల్లో ఒక పేజీ రాసి స్కోర్ కార్డుకు జత చేశాం. ఆ పేజీ రాయడానికి నాకు లెక్కలకంటే ఎక్కువ రోజులు పట్టింది. తెలుగు పేజీని మా పనిమనిషి కొడుకు చేత చదివించి, వాడు ఎక్కడ ఆగితే అక్కడ తిరగరాశాను. వాడు మదనపల్లె దగ్గర ఒక ఊళ్లో ఇంటర్ చదువుతున్నాడు.

మా పనిలో పాత మాట ఒకటుంది. ఫ్రెడరిక్ లార్డ్ అనే అమెరికన్ పరిశోధకుడు 1980లో చెప్పింది. ఏ వెర్షన్ వచ్చినా నాకు ఒకటే అని పరీక్ష రాసేవాడు అనుకోగలిగితేనే ఆ మార్కులు సరిగ్గా సరిచూసినట్టు. నేను దాన్ని ఎప్పుడూ పేపర్ల గురించే అనుకునేదాన్ని.

ఆ ఏడాది రికార్డుల్లో ఒక విషయం నన్ను నిద్రపోనివ్వలేదు. చీటీ వేసి సెషన్లు ఇచ్చాం కాబట్టి, బయటి ఊళ్ల పిల్లల్లో సగం మందికి ఉదయం సెషన్ పడింది. ఎనిమిదిన్నరకు రిపోర్టింగ్. రాత్రి బస్సు హెబ్బాలలోనో మెజెస్టిక్‌లోనో తెల్లవారుజామున దింపితే, ఆటో ఎక్కి నేరుగా గేటు దగ్గరికి. ఉదయం సెషన్‌లో బయటి ఊళ్ల పిల్లలు ఆఖరి పదిహేను బిట్లలో ఖాళీ వదిలినవి, మధ్యాహ్నం సెషన్‌లోని బయటి ఊళ్ల పిల్లలు వదిలినవాటికంటే బాగా ఎక్కువ. బెంగళూరు పిల్లల్లో ఆ తేడా లేదు. గుంపుల్ని సమానం చేశాం, పేపర్లను సరిచేశాం. నిద్రలేకుండా రాసినవాడి మార్కుల్ని సరిచేసే ఫార్ములా నా దగ్గర లేదు.

ప్రొద్దుటూరు అమ్మ ఏడాది ముందే కౌంటర్ దగ్గర ఇదే చెప్పింది. నేను అందులో సెషన్ ఎంపిక గురించి మాత్రమే విన్నాను.

ఆ రిపోర్టు కంట్రోలర్‌కు ఇచ్చినప్పుడు ఆయన చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత హాస్టల్ వార్డెన్‌కు ఫోన్ చేసి సెలవుల్లో ఎన్ని గదులు ఖాళీగా ఉంటాయో అడిగారు. ఈ ఏడాది హాల్ టికెట్‌లో ఒక కొత్త వరుస చేరింది. రెండు వందల కిలోమీటర్లు దాటి వచ్చే అభ్యర్థికీ, తోడు వచ్చే ఒకరికీ పరీక్ష ముందురోజు రాత్రి హాస్టల్లో ఉచితంగా పడక, రాత్రి భోజనం, ఉదయం టిఫిన్. ఉదయం రిపోర్టింగ్‌ను తొమ్మిదిన్నరకు మార్చారు. పోయిన వారం చూసేసరికి 210 మంది పేర్లు ఇచ్చారు, మంచాలు 180 ఉన్నాయి. మిగతా ముప్పై మందికి పరుపుల కోసం వార్డెన్ తిరుగుతున్నారు.